నాగబుట్ట మీద మూడు తట్లు

ఉదయకేతుడి మేనత్త, హేమగిరి మహారాణి కనకమేఖలాదేవికి చూపు మందగించిందని ఎవరైనా అంటే వాళ్ల కళ్లే పోతాయి. గుండిగెడు పాయసంలో పడిన ఒక్క వెంట్రుకను ఆవిడ వంటశాల గుమ్మంలోంచే పట్టుకోగలదు. అది ఏ వంటవాడి నెత్తిమీదిదో కూడా చెప్పగలదు. అలాంటి మనిషి, పసిగుడ్డుగా ఉన్నప్పటినుంచి చేతుల మీద పెంచిన మేనల్లుడి స్థానంలో ఒక మాంత్రికుడు వచ్చి కూర్చుంటే, ఇరవై రోజులుగా పక్కన పీట వేసి వడ్డిస్తోంది!

“నాకు పొట్లకాయ గిట్టదని హేమగిరి రాజ్యంలో కుక్కపిల్లకు కూడా తెలుసు. వాడు మూడుసార్లు అడిగి వేయించుకున్నాడట. అప్పుడైనా అనుమానం రావద్దూ అత్తయ్యకి?” అన్నాడు ఉదయకేతుడు, తడి తలగుడ్డ పిండుకుంటూ.

“ఎందుకొస్తుందీ? మావాడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని మురిసిపోయిందంట. పడవవాడు చెప్పాడు,” అంది పుట్టమ్మవ్వ, గంజిముంత అతని ముందు పెడుతూ. “ముందు ఇది తాగు నాయనా. రాజ్యం ఎక్కడికీ పోదు.”

“పోయేటట్టే ఉందవ్వా. ఇవాళ మధ్యాహ్నమే వాడికి పట్టాభిషేకం.”

ధూమకంఠుడనే ఆ మాంత్రికుడు వేట నెపంతో రాకుమారుణ్ణి పొగకొండకు రప్పించి, గుహలో గొలుసులతో కట్టేసి, అతని రూపం ధరించి కోటకు వెళ్లిపోయాడు. ఇరవై రోజులు గొలుసును రాతికి రాసి రాసి అరగదీసిన ఉదయకేతుడు, ఆ తెల్లవారే జలపాతంలోకి దూకి, ఒక దుంగను కావలించుకుని నీలవేణీ నదిలో కొట్టుకొచ్చాడు. కోటకు ఇవతలి ఒడ్డున అతనికి తెలిసిన గుమ్మం ఒక్కటే. దాన్ని చేరేసరికి అవ్వ వాకిట్లో తవుడు చెరుగుతోంది. పదమూడేళ్ల తర్వాత చూసినా చేట కిందపెట్టకుండానే, “చిక్కిపోయావేం?” అని అడిగింది. మేనత్తకు ఇరవై రోజుల్లో తెలియనిది అవ్వకు చేట తిప్పేలోగా తెలిసింది.

ఒకప్పుడు ఈ పుట్టమ్మవ్వ హేమగిరి నాగశాలకు కాపరి.

ఆ నాగశాలను తలుచుకుంటే చాలు, ఉదయకేతుడి ముక్కుకు వట్టివేళ్ల వాసన తగిలేది. ఎనభై రాతిస్తంభాలు. స్తంభానికొక లత, లతకొక చిలుక, చిలుక ముక్కున ఎర్రరాయి. పొద్దున్నే జాలీ కిటికీల్లోంచి ఎండ వచ్చి నేలంతా ముగ్గుచుక్కలు పెట్టేది. నడిమధ్య వెదురుబుట్టలో సత్యనాగం. అది విషం లేని మణిచిలువ జాతి, పసుపు రంగు ఒంటిమీద కుంకుమ రంగు ఉంగరాలు. ముసలిది పోతే ఉత్తరపు కొండల నుంచి పిల్లను తెచ్చి అదే బుట్టలో ఉంచేవారు. ఐదేళ్ల ఉదయకేతుడు ఆ బుట్ట పక్కనే కూర్చుని బెల్లంముక్క చప్పరించేవాడు. అవ్వ చేతిలో ఎప్పుడూ ఒక చింతకర్ర తెడ్డు ఉండేది.

“మూత తీసే ముందు మూడుసార్లు తట్టాలి నాయనా. దీనికి మనలాగా చెవుల్లేవు, బుట్ట అదిరితేనే కబురు. తట్టి తీస్తే మనిషొచ్చాడని తెలుసుకుంటుంది. తట్టకుండా తీశావో, అన్నం వచ్చిందనుకుంటుంది.”

ఒకరోజు తెల్లెలుకలతో ఆడి ఆడి, ఆ చేతులతోనే, తట్టకుండా మూత తీశాడు. పిల్లనాగం మణికట్టు పట్టుకుని చుట్టేసింది. కోటంతా వినిపించేలా ఏడ్చాడు. అవ్వ మాత్రం తాపీగా దాని తలమీద చల్లటి నీళ్లు పోసి విడిపించి, “నిన్ను కాదురా పిచ్చిసన్నాసీ, నీ చేతికున్న వాసనను కరిచింది,” అని నవ్వింది. రెండు బెల్లంముక్కలు అదనంగా దొరికాయి. దెబ్బ చిన్నదే, లాభం పెద్దది అనుకున్నాడు అప్పట్లో.

తర్వాత నాలుగేళ్లకు మహారాణి పచ్చల ముక్కుపుడక కనిపించకుండా పోయింది. ఆవేళ అంతఃపురంలో పాలు తీసుకెళ్లింది పుట్టమ్మే. హేమగిరిలో నేరం మోపబడ్డవారు సత్యనాగం ముందు ప్రమాణం చెయ్యాలి. ఏడు రోజులు నాగానికి ఉపవాసదీక్ష. వెండిగిన్నెలో పాలు పెడతారు, అది వాటి వంక చూడదు. ప్రమాణం చేసే మనిషి తెల్లెలుకను గుప్పిట పట్టుకుని బుట్ట చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఎలుకను బంగారు పళ్లెంలో విడిచి, అదే చేతిని బుట్టలో పెట్టాలి. కరిస్తే అబద్ధం. చెయ్యి కడుక్కోకూడదు, కడిగితే పాపం కడిగేసుకున్నట్టని నియమం. ప్రభువులు మాత్రం ఎలుకను తాకరు గనక వాళ్ల తరఫున నౌకరు తిరుగుతాడు. అందుకేనేమో, ఆ రాజ్యంలో తరతరాలుగా గొప్పవాళ్లందరూ సత్యసంధులుగా తేలుతూ వచ్చారు.

పుట్టమ్మకు నౌకరు లేడు. నాగం కరిచింది. “ఆకలికి కరిచిందమ్మా!” అని ఆమె అరిచిన అరుపు తొమ్మిదేళ్ల ఉదయకేతుడికి గుర్తే. వినవలసినవాళ్లకే వినపడలేదు. నది దాటించేశారు, తిరిగి ఇటు అడుగుపెడితే మొసళ్ల కందకమే అన్నారు. మహారాణి ఆ తర్వాత మరే ముక్కుపుడకా పెట్టుకోలేదు. ముక్కు బోసిగానే ఉండిపోయింది.

“ఈ గంజికేం గానీ అవ్వా, ఆ తెడ్డు ఇంకా ఉందా?” అన్నాడు ఉదయకేతుడు.

“పొయ్యిలో పెట్టేశాను. కోపమొచ్చి.” అవ్వ ముంతను అతని దగ్గరికి జరుపుతూ, “సగం కాలాక తీసేశాను,” అంది.

ఇంతలో ఏటిగట్టు మీద గుర్రాల సకిలింపు వినిపించింది. పన్నెండుమంది రౌతులు. గుర్రాల కాళ్లు నేలకు ఆనడం లేదు, రౌతుల ముఖాల్లోంచి వెనకనున్న చెట్లు కనిపిస్తున్నాయి. ధూమకంఠుడు ఖైదీ తప్పించుకున్నాడని తెలిసి పంపిన పొగభటులు! ఉదయకేతుడు వాకిట్లో ఉన్న రోకలి అందుకుని ముందువాణ్ణి ఒక్కటిచ్చాడు. రోకలి వాడి డొక్కలోంచి దూసుకుపోయి అవతల గుంజకు తగిలింది. వాడి కత్తి మాత్రం నిజం కత్తే, రాకుమారుడి భుజం గీరుకుపోయింది. రెండోవాడు వెనక నుంచి, మూడోవాడు చూరు మీది నుంచి దూకారు.

“తప్పుకో!” అని కేకేసి పుట్టమ్మవ్వ గేదె కోసం ఉంచిన కుడితికుండ ఎత్తి బోర్లించింది. చుయ్‌మని చప్పుడు, పొయ్యి ఆరిపోయినట్టు. ముగ్గురు భటులూ మూడు బూడిదకుప్పలయ్యారు. ఉదయకేతుడికి కిటుకు తెలిసింది. బాన, బిందె, గోలెం, చివరికి మిగిలిన గంజి కూడా ఖర్చయ్యేసరికి వాకిట్లో పన్నెండు కుప్పలు మిగిలాయి.

“గేదె సాయంత్రం ఏం తాగాలి ఇప్పుడు?” అంది అవ్వ, రొప్పుతూ.

పట్టాభిషేకానికి పూలమాలలు మోసేవాళ్లతో కలిసి ఇద్దరూ నది దాటారు. అవ్వ ముసుగు ముక్కుదాకా లాగుకుంది. “నువ్వు రావద్దు, పట్టుకుంటే మొసళ్లే,” అని ఎంత చెప్పినా వినలేదు. “నేను రాకపోతే నీకు మాల కట్టడమొచ్చా, మోయడమొచ్చా? పూలబుట్ట పట్టుకున్న తీరు చూడు, కత్తి పట్టుకున్నట్టుంది,” అంది. పూలకింద ఆమె సగం కాలిన తెడ్డు ఉందని అతనికి అప్పుడు తెలియదు.

సభామండపం వెయ్యి దీపస్తంభాలతో, ముత్యాల తోరణాలతో, పచ్చకర్పూరపు ఘుమఘుమలతో మెరిసిపోతోంది. సింహాసనం పక్కన వజ్రకిరీటం పళ్లెంలో ఉంది. దాన్ని తలకెత్తబోతున్నవాడు ఉదయకేతుడి నవ్వు నవ్వుతూ ఉదయకేతుడి మీసం దువ్వుతున్నాడు. అసలువాడికి ఒళ్లు మండింది. పూలబుట్ట గిరాటువేసి, తలగుడ్డ లాగి, మెట్ల మీదికి దూకాడు.

“అత్తయ్యా! ఆగు! వాడు నేను కాదు!”

సభ అంతా ఒక్కసారి లేచి నిలబడింది. మహారాణి ఈ ముఖం చూసింది, ఆ ముఖం చూసింది. ఒకే ముక్కు, ఒకే పుట్టుమచ్చ.

“అత్తయ్యా, మాంత్రికుడెవడో నా వేషంలో వచ్చాడు. భయపడకు,” అన్నాడు ధూమకంఠుడు, తేనె పూసినట్టు.

“చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నేనేం పెట్టాను?” అంది రాణి.

“వాము అన్నం,” అన్నారిద్దరూ. ఇరవై రోజుల్లో మాంత్రికుడు దాసీలను అడిగి అన్నీ తెలుసుకున్నాడు.

కనకమేఖలాదేవి కళ్లు మూసుకుని తెరిచింది. “నాగబుట్ట తెప్పించండి. పట్టాభిషేక ప్రమాణం కోసం ఎలాగూ ఏడు రోజులుగా దీక్షలోనే ఉంది కదా. ఓడినవాడు కందకానికి.”

బుట్ట వచ్చింది. పిల్లనాగం ఏడాదిది, మూరెడు పొడవు. నాగాధికారి అల్లంతదూరం నుంచి ఇనపకొక్కెంతో మూత తీశాడు. ఆ ఉద్యోగంలో చేరినప్పటినుంచి అతను పామును తాకిన పాపాన పోలేదు.

ముందు సింహాసనం దగ్గరున్నవాడి వంతు. నౌకరు ఎలుకను పట్టుకుని తిరిగాడు. మాంత్రికుడు దర్జాగా చెయ్యి పెట్టాడు. పిల్లనాగం బుట్ట మూలకు జరిగింది. మెడ వంకీ తిప్పి వెనక్కి లాగుకుంది. తోక కొస గజగజలాడింది. వేడి పెనం మీద నీటిబొట్టు పడ్డట్టు బుస్‌మంది. చివరికి తల చుట్టల కింద దాచేసుకుంది. కరవలేదు.

“జయము జయము!” అంది సభ.

ఉదయకేతుడికి నౌకరు లేడు. తెల్లెలుకను అతని గుప్పిట్లోనే పెట్టబోయారు. ఆ ఎలుక దగ్గరకు రాగానే బుట్టలోని పిల్ల తల బయటికి పెట్టింది. వంకీ లేదు, బుస లేదు. మెడ తిన్నగా చాచి, నాలుక మెల్లమెల్లగా ఆడిస్తూ, వడ్డించే చేతికేసి చూసే చంటివాడిలా చూసింది. అలా చూసినప్పుడు ఏమవుతుందో ఉదయకేతుడికి పదిహేడేళ్ల కిందటే తెలుసు.

“పట్టుకోకు నాయనా! ఎలుకను పట్టుకోకు!”

మాలలవాళ్ల గుంపులోంచి వచ్చిందా కేక. మహారాణి ఉలిక్కిపడింది. ఆ గొంతు ఆవిడకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

“పుట్టమ్మా... నువ్వా?”

ముసుగు తొలగించి పుట్టమ్మవ్వ ముందుకొచ్చింది. భటుల బల్లేలు నాలుగు ఆమె మెడకు ఆనాయి.

“నేనే రాణెమ్మా. ఎలాగూ కందకంలో వేయిస్తావు. ఒక్కమాట విని వేయించు. నీకు అబద్ధం రాదని ఊరూవాడా ఎరుగును. ఆ ఎలుకను నువ్వు పట్టుకుని, నువ్వే పెట్టు చెయ్యి.”

సభ ఘొల్లుమంది. కానీ మహారాణి ముఖం తెల్లబోయింది. దాసి పక్కనే ఉన్నా ఆవిడ చెమట తుడుచుకోవడం మరిచిపోయింది.

“అత్తయ్యకెందుకు శ్రమ? ఈ ముసలిదాన్ని ఈడ్చెయ్యండి!” అన్నాడు మాంత్రికుడు.

ఆ తొందరే ఆవిడకు నచ్చలేదు. ఆమె సింహాసనం దిగి వచ్చి ఎలుకను గుప్పిట పట్టుకుంది. మూడు ప్రదక్షిణలు. ఎలుకను పళ్లెంలో విడిచి చెయ్యి పెట్టిందో లేదో, బాణంలా వచ్చి పిల్లనాగం బొటనవేలు పట్టుకుంది. మణికట్టు చుట్టూ రెండు మెలికలు వేసి బిగించింది.

కనకమేఖలాదేవిది అబద్ధమా!

“లాగకమ్మా!” అంటూ పుట్టమ్మవ్వ బల్లేలు తోసుకుని వచ్చింది. “దాని పళ్లు లోపలికి వంగి ఉంటాయి. లాగితే చీరుకుపోతుంది. నీకు గుర్తులేదూ? అలాగే ఉండు. ఆఁ, అలాగే.” కలశంలో నీళ్లు దాని తలమీద పోసింది. నాగం విదిలించుకుని వదిలేసింది, తనకే అన్యాయం జరిగినట్టు.

“ఇప్పుడు చెయ్యి కడుక్కో. సున్నిపిండితో. ఊఁ, గోళ్ల సందుల్లో కూడా.” మహారాణి చిన్నపిల్లలా కడుక్కుంది. అవ్వ తెడ్డు తీసి చేతికివ్వబోయింది. కానీ అప్పటికే ఆవిడ చెయ్యి దానంతటదే బుట్ట అంచు మీదికి వెళ్లింది. గాజులతో తట్టింది. ఒకటి, రెండు, మూడు.

“గాజులతోనే తట్టేదానివి,” అంది అవ్వ మెల్లగా. “రెండు జడలేసుకుని. నేను తెడ్డిస్తే మసి అంటుతుందని తీసుకునేదానివి కాదు.”

మహారాణి చెయ్యి లోపల పెట్టింది. ఏడు రోజుల ఆకలి మీదున్న అదే పిల్ల, అదే చేతిని, నాలుకతో రెండుసార్లు తాకి చూసి, వేళ్ల మధ్యనుంచి పాకి అరచేతిలో ముద్దగా కూర్చుంది.

“అదీ సంగతి! ఎలుక వాసనకు కరుస్తుంది, అంతే,” అన్నాడు మాంత్రికుడు చప్పట్లు కొడుతూ. “అయితే నేను ఎలుకను తాకలేదు, అది కరవలేదు. ఇందులో నా తప్పేముంది?”

“నిన్ను కరవకపోవడం కాదయ్యా, నిన్ను చూసి జడిసింది,” అంది అవ్వ. “ఆకలేస్తే మెడ చాస్తుంది. భయమేస్తే మెడ మడుస్తుంది. తోక వణకడం అందరూ చూశారుగా? ఇంత ఆకలిమీదున్న పిల్ల వెచ్చని చెయ్యి దగ్గరికొస్తే మూలకు నక్కిందంటే, అక్కడేదో దానికి తెలిసిన భయం ఉంది. నా నాగశాలలో సాంబ్రాణి కూడా వెయ్యనిచ్చేదాన్ని కాదు, ఎందుకో అమ్మగారికి తెలుసు.”

“పొగ,” అంది మహారాణి. “అడవి అంటుకుందనుకుంటాయి.”

ఉదయకేతుడికి వాకిట్లోని బూడిదకుప్పలు గుర్తొచ్చాయి. అత్తయ్య చెయ్యి కడిగిన నీళ్లు ఇంకో పళ్లెంలో అలాగే ఉన్నాయి, సున్నిపిండితో సహా. ఒక్క ఉదుటున ఎత్తి సింహాసనం ముందున్న తన ముఖం మీద కొట్టాడు.

చుయ్‌! రాకుమారుడి ముక్కు జారింది, మీసం జారింది, పుట్టుమచ్చ గడ్డం దాకా కారిపోయింది. లోపలి నుంచి తాటిచెట్టంత నల్లటి పొగ, దాంట్లో నిప్పుకణికల్లాంటి రెండు కళ్లు. మండపం దద్దరిల్లేలా నవ్వి ధూమకంఠుడు వజ్రకిరీటాన్ని తన్నుకుపోయి, గోపురం రంధ్రంలోంచి ఆకాశానికి లేచాడు. కిరీటం లేనిదే హేమగిరికి రాజు లేడు. పున్నమిలోగా రాజు లేకపోతే కోటగోడలు వాటంతటవే కూలతాయని పూర్వం నుంచి శాపం!

రాకుమారుడు రెండో ఆలోచన లేకుండా స్తంభం మీదినుంచి స్తంభం మీదికి దూకి, తేలిపోతున్న ఆ పొగలో నీళ్లకు తడిసి జడలా గట్టిపడ్డ కొసను ఒడిసిపట్టాడు. దూకే ముందు మహారాణి అరచేతిలోని పిల్లనాగం అతని భుజం మీదికి, అక్కడినుంచి చంకలోకి ఎలా పాకిందో ఎవరూ చూడలేదు. పొగ వాసన తగిలి చంకలో ముడుచుకుంది. అతనికి మాత్రం చక్కిలిగింతలయ్యాయి.

“ఒరే నాయనా! చేతికి ఎలుక వాసన తగలనివ్వకు!” కింద నుంచి అవ్వ కేక పెట్టింది. “ముందు దానికేమైనా పెట్టు! తిన్నాక కదపకు, కక్కేస్తుంది!”

“నేనున్న స్థితి చూశావా అవ్వా!” అన్న మాట పైనుంచి సన్నగా వినిపించింది. తర్వాత కాళ్లు మబ్బులో కలిసిపోయాయి.

మండపంలో బల్లేలు ఇంకా అవ్వ మీదే గురిపెట్టి ఉన్నాయి. ఎవరూ దించమనలేదు మరి. కనకమేఖలాదేవి బొటనవేలి మీది పంటిగాట్లను చూసుకుంటూ నిలబడింది. పొట్లకాయ సంగతి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది, “మూడుసార్లు వడ్డించాను,” అని గొణిగింది. ఆ తర్వాత తల ఎత్తి, సభ మొత్తానికి వినపడేలా మాట్లాడింది.

“బల్లేలు దించండి. నా ముక్కుపుడక ఆ ఏడాది వానాకాలంలోనే దొరికింది, గంధపుపెట్టె అడుగున. నాగం కరిచింది గనక నువ్వే తీసి ఉంటావని, తీసి మళ్లీ పెట్టి ఉంటావని, పదమూడేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను పుట్టమ్మా. ఇవాళ ఆ అబద్ధం కడుపులో పెట్టుకునే రెండుసార్లు చెయ్యి పెట్టాను. ఒకసారి కరిచింది, ఒకసారి ఒళ్లో కూర్చుంది. పాపం దానికేం తెలుసు! తప్పు దానిది కాదు, నీది అసలే కాదు. నాది.”